ఎండలో ఉడికిన బువ్వ

మొదటి రోజు. బరువు 8 కిలోల 690 గ్రాములు.

నా పేరు రాజలింగు. వయసు అరవై ఎనిమిది. చదువు మూడో తరగతి, అది కూడా సగమే. ఈ రిజిస్టర్ నర్సు శైలజ ఇచ్చింది. నా మనవరాలు రోజూ ఏం తిన్నదో, ఎంత తిన్నదో ఇరవై ఒక్క రోజులు రాయాలట. అక్షరాలు వంకర పోతే పోనీ, నాకేం సిగ్గు లేదు. ముప్పై ఏండ్లు బొగ్గుగనిలో టబ్బులు లాగే హాలేజ్ తాడు పట్టిన చెయ్యి ఇది. ఇప్పుడు ఊరంతా ఆ గనిలోనే ఉంటున్నం.

పిల్ల పేరు మౌక్తిక. నాకు నోరు తిరగదు, ముత్తెం అని పిలుస్త. రెండేండ్లు నిండినయి. గోడ కుళాయిలో వచ్చే పేస్టే ఇక్కడ అందరి తిండి; రెండు నెలల నుంచి దానికి నోరు తెరుస్తలేదు. గోడ కుళాయి తిప్పిన చప్పుడు వింటే చాలు, మంచం కిందికి దూరుతది. బలవంతంగా పోస్తే పోసినంతా కక్కుతది.

ఇరవై ఒకటో రోజు పగలు పన్నెండు లోపు తొమ్మిది కిలోలు తూగాలె. తూగకపోతే అడుగున నాలుగో లెవెల్‌లో ఉన్న దవాఖాన వార్డుకు తీసుకపోతరు. ముక్కులో గొట్టం పెడతరు. ఆరు నెలలు అక్కడనే. తల్లిదండ్రులకు నెలకొకసారి అద్దం అవతలి నుంచి చూపిస్తరు. మా ఇండ్ల వరుసలో సారయ్య మనవడు అట్లనే పోయి వచ్చిండు. బరువైతే పెరిగిండు. కన్నతల్లిని చూసి "నర్సమ్మా" అన్నడు.

నా బిడ్డ స్వరూప ఫ్యాన్ హౌస్‌లో పనిచేస్తది, కిందికి గాలి తోలే పని. అల్లుడు సంపత్ పేస్టు ఫ్యాక్టరీలో మిక్సింగ్. ఊరందరికీ తను కలిపిందే పోతది. తన బిడ్డే దాన్ని ఉమ్ముతున్నదని ఎవరికీ చెప్పుకోడు.

"నేను వండి పెడత" అన్న.

స్వరూప నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. "దేని మీద వండుతవు బాపూ? అగ్గిపుల్ల గీకినా గేటు బయటికి తోలుతరు."

"అది నేను చూసుకుంట."

"నువ్వు ఎన్నడన్న వండినవా? అమ్మ ఉన్నన్ని రోజులు పొయ్యి దిక్కు చూసినవా?"

చూడలేదు. కానీ ముప్పై ఏండ్లు రోజుకు మూడుపూటలు తిన్న. ఏది బాగుంది, ఏది బాగలేదు అని మొఖం మీద చెప్పిన. వంట తెల్వకుండనే చెప్తనా?

ఈ రోజు ముత్తెం తిన్నది: పేస్టు రెండు చెంచాలు. నిలిచింది ఒకటి.

రెండో రోజు.

పేస్టు దేనితో చేస్తరో సంపత్‌ను అడిగిన. నూకలు, పెసరపప్పు, నీటిపాచి పొడి, నూనె, ఉప్పు. అన్నీ పచ్చివే మరలో పడతయి. "ఇంటికి పచ్చి వంతు కావాలంటే ఇస్తరా?" అని అడిగిన. రూలు ఉన్నదట. కిందికి వచ్చిన కొత్తలో పెట్టిన రూలు, ఎవరూ తీసెయ్యలేదు. ఈ పద్నాలుగేండ్లలో ఎవరూ అడగనూ లేదు.

"మామా, నేను పోయి పచ్చి వంతు అడిగితే తోటోళ్లు నవ్వుతరు. సంపత్ పేస్టు సంపత్ బిడ్డే తింటలేదంటరు."

"నవ్వనీ. పిల్ల గొట్టం పెట్టుకుంటే ఏడుస్తరా వాళ్లు?"

సాయంత్రం సంపత్ ఒక సంచి తెచ్చి నా మంచం కాళ్ల దగ్గర పడేసిండు. చెయ్యి పెట్టి చూసిన. నూకలు. వేళ్ల సందుల నుంచి జారినయి. ఎంతసేపు అట్ల జార్చుకుంట కూసున్ననో తెల్వదు.

మూడో రోజు.

నిప్పు కింద లేదు. పైన ఉన్నది. పైన పగటిపూట యాభై ఏడు డిగ్రీలు. మనుషులు పొద్దు పొడవకముందు తప్ప ఇంక్లైన్ మూతి, అంటే గని నుంచి పైకి పోయే వాలుదారి గేటు, దాటొద్దు. మా షిఫ్టుల కాలంలోనే ఎండలో నిలబెట్టిన టబ్బు మీద చెయ్యి పెడితే తోలు ఊడేది. ఓదమ్మ, అంటే నా భార్య, డాబా మీద వడియాలు పెడితే మధ్యాహ్నానికి గలగలమనేవి. ఆ ఎండకే భయపడి కిందికి వచ్చినం. ఆ ఎండతోనే వండుత.

పాత కరెంటు ప్యానెల్ రేకు డబ్బా దొరికింది. లోపల బొగ్గుపొడి నూనెలో కలిపి పూసిన. మూతకు రెండు అద్దాలు, నడుమ వేలెడు సందు. గాలి గొట్టాల మీది మెరిసే రేకు ముక్కను పక్కన నిలబెట్టిన, వెలుగంతా లోపల పడేటట్టు.

ఇంక్లైన్ మూతి దగ్గర కాపలా ఐలయ్య. నా మేనబావ. వెనకట గనిలో నేను తాడు లాగితే అతను గంట కొట్టేటోడు. తెల్లవారక ముందే ఇద్దరం బయటికి పోయి పట్టాల చివర పుల్లీ బిగించినం, తాడు తిప్పి తెచ్చినం. చిన్న ట్రాలీ మీద రేకు డబ్బా, దాని లోపల నా పాత టిఫిన్ డబ్బాలో నూకలు, నీళ్లు. గేటు కింద టబ్బులు పోయే రెక్క ఒకటుంది. నీడలో నిలబడి ఒక తాడు లాగితే ట్రాలీ ఎండలోకి పోతది. ఇంకొకటి లాగితే తిరిగొస్తది.

"ఏం బావా, మళ్ల డ్యూటీ ఎక్కినవా?" అన్నడు ఐలయ్య.

"ఎక్కిన. గంట కొట్టు."

నిజంగనే కొట్టిండు. ముసలోళ్లం ఇద్దరం నవ్వినం.

పది గంటలకు పంపినం, ఒంటిగంటకు లాగినం. మూత తీస్తే ఆవిరి మొఖానికి తగిలింది. బువ్వ వాసన. ఐలయ్య అటు తిరిగి ముక్కు చీదిండు.

పైన మెత్తగయింది, నడుమ పలుకు. నీళ్లు తక్కువైనయి. నూకలు పాతవి కావొచ్చు. నా తప్పని రాస్తలేను. ఇద్దరం టిఫిన్ ఊడ్చినం.

ఐదో రోజు. బరువు 8,640.

ఈసారి నూకలు, పెసరపప్పు, ఉప్పు. బాగా ఉడికింది. పిల్లకని కారం వెయ్యలేదు, మెత్తగ పిసికి చల్లార్చిన. స్వరూప ఒళ్లో కూసోబెట్టుకున్నది. నేను ముద్ద పట్టుకున్న. సంపత్ ఆటబొమ్మ ఊపిండు.

ముత్తెం ముద్దను చూసింది. నన్ను చూసింది. పెదవులు లోపలికి మడిచింది. మేం బతిమాలినం, పాట పాడినం, కాకికి పెడతమన్నం. కాకిని అది ఎన్నడు చూసింది? నేను బుగ్గ నొక్కి ఒక ముద్ద లోపల పెట్టిన. ఉమ్మింది. నా గడ్డం మీద పడ్డది.

ఆరో రోజు.

అదే.

ఏడో రోజు.

అదే. ఈసారి గిన్నె కూడా పడేసింది.

ఎనిమిదో రోజు. బరువు 8,610.

పొద్దున సంపత్ అన్నడు: "మామా, వారం పోయింది. ఉన్న బరువు కూడా పోయింది. నీ పంతం కోసం నా బిడ్డ మీద ప్రయోగం చేస్తున్నవు."

"నీ పేస్టు తిని పెరిగిందా మరి?"

"పేస్టు తిన్నన్ని రోజులు పెరిగింది! నేను ఇయ్యాలనే వార్డుల పేరు రాయిస్త. ముందే పోతే మంచి నర్సుల్ని ఇస్తరట."

స్వరూప ఇద్దర్నీ చూసి గిన్నె నేలకు కొట్టినట్టు పెట్టింది. "ఇరవై ఒక్క రోజులు నా బిడ్డవి. ఎవరూ ఎక్కడికీ పోరు" అని డ్యూటీకి పోయింది.

నేను టిఫిన్ డబ్బా తీసుకొని పైకి పోయిన. కోపంలో రెండు ఎండు మిరపకాయలు తుంచి వేసిన. ఐలయ్య గేటు నీడలో నాలుగు మొక్కలు పెంచుతడు: పుంటికూర (గోంగూర), మిరప, ఒక టమాట. వాటివే. వండి, అక్కడనే కూసొని తిన్న. సగం తిన్నంక చాలనిపించింది. డబ్బా మూసి ఇంటికి తెచ్చి గుమ్మం దగ్గర పడేసి, గోడ దిక్కు తిరిగి పండుకున్న.

టక్ మని చప్పుడైంది. డబ్బా క్లిప్పు చప్పుడు.

తిరిగి చూస్తే ముత్తెం డబ్బా ముందు చతికిల పడి ఉన్నది. నా వేళ్ల గుర్తులున్న చల్లటి బువ్వలో చెయ్యి పెట్టి నోట్లో కుక్కుకుంటున్నది. కారానికి కండ్లలో నీళ్లు, ముక్కు కారుతున్నది. నాలుక బయట పెట్టి ఉఫ్ ఉఫ్ అని ఊదుకున్నది. మళ్ల చెయ్యి పెట్టింది.

నేను కదలలేదు. ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకున్న. గనిలో పైకప్పు చప్పుడు చేసినప్పుడు అట్లుంటం.

తిన్నది: నాలుగు పిడికిళ్లు. కక్కలేదు.

తొమ్మిదో రోజు.

కారంతోనే నిండుగా వండి తెచ్చి ముందు పెట్టిన. మూత తీసి చూసింది. నన్ను చూసింది.

"తాత ఆమ్?"

"తాత తర్వాత తింటడు, నువ్వు తిను."

మూత పెట్టేసింది.

ఏం చెయ్యాలె? కూసొని తిన్న. పక్కనే నిలబడి నా నోరు చూసింది. సగమైనంక చెయ్యి కడుక్కోబోతే, డబ్బా తన దిక్కు గుంజుకున్నది. తిన్నది.

సంపత్‌కు చెప్తే మొఖం మాడ్చిండు. "ఎంగిలి మామా! క్రిములు!"

"ఆ క్రిములే కావాలంటున్నది నీ బిడ్డ."

స్వరూప మంచం మీద కూసొని నవ్వుడు మొదలుపెట్టింది. ఆగదు. కండ్లు తుడుచుకొని, "నేను కూడా ఇంతే గదా బాపూ" అన్నది.

పదో రోజు.

స్వరూప చెప్పిన ముచ్చట రాస్త. పిల్ల తిండి లెక్కలోకి రాకపోయినా రాస్త, రిజిస్టర్ నా చేతిలో ఉన్నది.

నేను మొదటి షిఫ్టుకు పోయే రోజుల్లో ఓదమ్మ నాలుగింటికి లేచి టిఫిన్ డబ్బా కట్టేది. కింద బువ్వ, పైన కూర. గని లోపల అందరం టోపీ లైట్లు ఆర్పి, ఒక్క లైటు నడుమ పెట్టుకొని తినేటోళ్లం. పుంటికూర పప్పు ఒకరిది, చింతచిగురు ఒకరిది, ఎండుచేప ఒకరిది. నేను ఒక మూలకు ఒక ముద్ద మిగిల్చి మూత పెట్టేటోణ్ణి, బిడ్డ కోసం. షిఫ్టు దిగి వస్తుంటే స్వరూప కాలనీ మలుపు దగ్గర నిలబడేది. నన్ను కాదు, డబ్బాను పట్టుకునేది. అక్కడనే రోడ్డు మీద తినేది. ఈ ముచ్చట వందమందికి చెప్పుకున్న: నా కడుపు మాడ్చుకొని బిడ్డకు మిగిల్చిన అని.

"నీ కడుపేం మాడలే బాపూ. నేను ఇంట్ల ఏం పెట్టినా తినకపోయేదాన్ని. అమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి నీ డబ్బాల నా వంతు కలిపి కుక్కేది. నువ్వు మిగిలిస్తవని ఆమెకు తెలుసు. నా పెండ్లప్పుడు చెప్పింది. బాపుకు చెప్పకే, మురిసిపోతుండు, మురవనీ అన్నది."

నేను లేచి డబ్బా తీసుకున్న. పైకి పోయిన.

ముప్పై ఏండ్లలో డబ్బా బరువు నాకు తెల్వలేదు. ఉప్పు తక్కువైతే మాత్రం తెల్సేది.

పన్నెండో రోజు. బరువు 8,720.

ముత్తెం నా వెంట వస్తనని డబ్బా పట్టుకొని ఏడ్చింది. స్వరూప తడిగుడ్డ చుట్టి పంపింది. గేటు నీడలో నలభై డిగ్రీలు. పట్టాల మీద కూసోబెట్టిన. పుంటికూర ఆకులు గిల్లమంటే గిల్లింది. ఒక ఆకు డబ్బాలో, ఒకటి నోట్లో. పులుపుకు ఒక కన్ను మూసుకున్నది. నూకలు కడుగుతుంటే రెండు చేతులు ముంచి నీళ్లన్నీ నా మీద చల్లింది. ఇన్ని నీళ్లు పారబోస్తే వేరేటోళ్లనైతే తిట్టేటోణ్ణి.

తాడు చివర దాని చేతికిచ్చిన.

"లాగు" అన్న.

"లాగూ!" అని వెనక్కి పడ్డది. నేను వెనక నుంచి లాగిన. ట్రాలీ కదిలి ఎండలోకి పోయింది. తనే పంపినననుకున్నది. చప్పట్లు కొట్టింది. ఐలయ్య గంట కొడితే దానికీ చప్పట్లు.

"బావా, నీకంటే పనిమంతురాలు" అన్నడు.

"నా మనవరాలు."

"అయితే ఈ నవ్వు ఎవలదో? నీదైతే కాదు."

ఓదమ్మది. అతనికీ తెల్సు, నాకూ తెల్సు.

పుంటికూర పప్పు దింపినంక వాసనకు పాత కాలనీ మొత్తం కండ్ల ముందుకొచ్చింది. మా లైన్‌లో ఎవరింట్లో ఏం వండుతున్నరో వాకిట్లో నిలబడి చెప్పేటోణ్ణి. ఇప్పుడు నాలుగు వేల మందిమి ఒక్క వాసనే పీలుస్తున్నం, గాలి గొట్టాల రబ్బరు వాసన. జీలకర్ర పోపు వాసన ఎట్లుంటదో మనసులో తెచ్చుకుందామని చూసిన. వచ్చినట్టే వచ్చి పోయింది.

తిన్నది: నేను తిన్నంక, ఆరు పిడికిళ్లు. పట్టాల మీద పడ్డవి రెండు.

పదిహేనో రోజు. బరువు 8,840.

రెండు డబ్బాలు వండిన. స్వరూప డ్యూటీ దిగంగనే నేల మీద కూసున్నది. ఇంట్లో నేల మీద కలిసి కూసొని తిని పద్నాలుగేండ్లయింది. నిలబడి కుళాయి కింద గిన్నె పెట్టి పది గుటకల్లో ముగించుడే అలవాటు. మోకాళ్లు ఎట్ల మడవాలో మరిచింది.

ముద్ద నోట్లో పెట్టుకొని చాలాసేపు నమిలింది.

"ఎట్లున్నది?" అన్న.

"ఉప్పు తక్కువ."

ముప్పై ఏండ్లు నేనన్న మాటే. నా కూతురే.

సంపత్ గుమ్మంలో నిలబడ్డడు, చేతిలో పేస్టు గిన్నె. "కూసో అల్లుడా" అన్న. వద్దన్నడు. "ఇది అందరికీ సరిపోదు మామా. నాలుగువేల మందికి ఎండల వండగలుగుతవా? నేను కలిపేదానితోనే ఊరు బతుకుతున్నది."

అబద్ధం కాదు. నేనూ అదే తిని బతికిన. కానీ ఆ మాట నోటితో అననీకి రాలేదు. ముత్తెం స్వరూప చెయ్యి పట్టుకొని వేళ్లు నాకుతుంటే సంపత్ అట్లనే చూసి, గిన్నెలోది తాగకుండనే లోపలికి పోయిండు.

పదిహేడో రోజు. బరువు 8,930.

రాయడానికేం లేదు. తిన్నది. నవ్వింది. "ఇంక" అనుడు నేర్చింది. ఇంక డెబ్భై గ్రాములు.

పద్దెనిమిదో రోజు.

మబ్బు పట్టింది. నాలుగేండ్ల తర్వాత పగటిపూట మబ్బు. సైరన్ కొట్టి అందరినీ పైకి వదిలిండ్రు. ఊరు ఊరంతా ఇంక్లైన్ ఎక్కి మొఖాలు పైకెత్తి నిలబడ్డది. ముసలమ్మలు మొక్కుతున్నరు, పోరగాండ్లు ఎగురుతున్నరు. నేను ఒక్కణ్ణే ఆకాశాన్ని తిట్టిన. పక్కనున్నాయన నన్ను కొట్టబోయిండు.

డబ్బా ఐదు గంటలు బయట పెట్టినా నూకలు నానినయి, ఉడకలేదు. నేను తిని చూపించిన. ముత్తెం ఒక పలుకు నోట్లో పెట్టుకొని తీసి, నా అరచేతిలో జాగ్రత్తగా పెట్టింది.

పంతొమ్మిదో రోజు. బరువు 8,920.

మబ్బు.

ఇరవయ్యో రోజు. బరువు 8,910.

వాన. ఫ్యాన్ల గుండా మట్టివాసన నాలుగో లెవెల్ దాక వచ్చిందట. స్వరూప పిల్ల బట్టలు ఒక సంచిలో పెట్టి, మళ్ల తీసి, మళ్ల పెట్టింది. వార్డులో వాళ్ల బట్టలే వేస్తరు. అయినా పెట్టింది.

ఇరవై ఒకటో రోజు.

పొద్దున ఎనిమిదింటికి మబ్బు విచ్చిందని ఐలయ్య కబురు పంపిండు. కానీ పదకొండుకు తూకం. రిజిస్టర్ రాసినోడు తూకం దగ్గర ఉండాలె. పది దాటినాక వస్తే కాగితం చెల్లదు. వండేటందుకు టైం లేదు. ఇల్లంతా వెతికినా సంపత్ లేడు. "డ్యూటీకి పోయిండేమో" అన్నది స్వరూప. బిడ్డను తీసుకపోయే రోజు డ్యూటీకా? పిరికోడు అనుకున్న. అనుకున్నది రాస్తున్న.

నర్సు శైలజ మంచి మనిషే, కాకపోతే రూలు మనిషి. పిల్లను తూకం తట్టలో కూసోబెట్టింది. ఎర్ర అంకెలు. 8,940.

"రాత్రి బలవంతంగ పేస్టు పెట్టిన" అన్నది స్వరూప మెల్లగా. "కొంచెం నిలిచింది."

నర్సు రిజిస్టర్ మొత్తం తిప్పింది. పుంటికూర దగ్గర, వాన దగ్గర ఆగి చదివింది. "పెరిగింది తాతా, నిజమే. కానీ తొమ్మిది అంటే తొమ్మిది" అని గులాబి రంగు కాగితం తీసింది. వార్డు కాగితం. తండ్రి సంతకం కావాలె. "ఆయన ఏడీ?"

గోడ గడియారం పదకొండు నలభై. స్వరూప పిల్ల కాలి వేళ్లు పట్టుకొని నిలబడ్డది.

"నీళ్లు తాపనా?" అని అడిగిన.

"తూకానికి ముందు గంట నీళ్లు బంద్. రూలు ఉన్నది."

అప్పుడు తలుపు గోడకు తగిలింది. సంపత్. మొఖం, మెడ, చేతులు కాలి ఎర్రగున్నయి. పెదవి పగిలింది. పొట్టకు గుడ్డలో చుట్టిన డబ్బా హత్తుకొని ఉన్నడు.

"రాయకుండ్రి! జర ఆగుండ్రి!"

"ఏడికి పోయినవురా?" అన్న.

"తొమ్మిదింటికే పెట్టిన మామా. అద్దాలు తుడిచి, ఇంకో రెండు రేకులు నిలబెట్టిన. తాడు పుల్లీ నుంచి జారింది. ట్రాలీ వస్తలే. నేనే బయటికి పోయి తెచ్చిన."

ఎండలోకి పోయిండు. అరవై అడుగులు పోవాలె, అరవై అడుగులు రావాలె. నేను పోకపోదును.

"నర్సమ్మా," అన్న, "తిండి బంద్ అని రూలు ఉన్నదా?"

ఆమె గోడ మీది కాగితం చదివింది. కింది దాక చదివి, మళ్ల మొదటి నుంచి చదివింది. "నీళ్లు, పాలు అని ఉన్నది. తిండి అని లేదు." మా దిక్కు తిరిగింది. "తినే పిల్లల్ని ఎవరూ ఇక్కడికి తేరు గదా. ఎవరూ రాయలేదు." గడియారం చూసింది. "పన్నెండు దాక టైమున్నది."

నేను డబ్బా తీసుకోబోయిన. సంపత్ ఇయ్యలేదు. తట్ట ముందు నేల మీద కూసొని మూత తీసిండు. ఆవిరి లేచింది. నర్సు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ పిల్లకు ముప్పై కూడా ఉండవు, ఉడికిన బువ్వ ఆవిరి చిన్నప్పుడు చూసిందే.

సంపత్ ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నడు. చేతకాలేదు, సగం ఒళ్లో పడ్డది. నమలడం కూడా మరిచిపోయిండు వాడు. పగిలిన పెదవికి కారం తగిలి కండ్లలో నీళ్లు తిరిగినయి. ఇంకో ముద్ద. ఇంకోటి. బిడ్డను పిలవలేదు, బతిమాలలేదు. తిన్నడు.

ముత్తెం తట్ట అంచు పట్టుకొని వంగింది.

"నాన్న ఆమ్?"

"ఆ. నాన్న తిన్నడు."

చెయ్యి చాపింది. సంపత్ డబ్బాను తట్ట దాక ఎత్తిండు, తగలకుండ. మొదటి పిడికిలి. 8,950. రెండోది సగం జారి నేల మీద పడ్డది. స్వరూప చప్పుడు కాకుండ నోరు మూసుకున్నది. 8,955. మూడు. నాలుగు. 8,970. నర్సు గడియారం దిక్కు చూస్తలేదు, అంకెల దిక్కే చూస్తున్నది. ఐదు. 8,980. ఆరు. నిదానంగా నమిలింది, వేలు చీకింది, ఒక మెతుకు తీసి తండ్రి నోట్లో పెట్టింది.

"నువ్వు తిను తల్లీ, నువ్వు తిను" అన్నడు సంపత్, ఏడుస్తున్నడో నవ్వుతున్నడో.

8,990.

"తాతా" అన్నది ముత్తెం నా దిక్కు తిరిగి. "సుస్సు."

నేను తట్ట దగ్గరికి ఉరికిన.

"ఆగు బిడ్డా," అన్న, "జర ఆగు. నా బంగారం గదా. ఇంక ఒక్క ముద్ద."

"సుస్సు తాతా."

"పోదువు గని. అది ఎక్కడికీ పోదు. ఒక్క ముద్ద తిను."

ముత్తెం ఆలోచించింది. కాళ్లు దగ్గరికి ముడిచింది. డబ్బాలో చెయ్యి పెట్టి పెద్ద పిడికిలి తీసుకొని మొత్తం నోట్లో కుక్కింది. బుగ్గలు ఉబ్బినయి.

9,005.

"రాయి!" అని నేను అరిచిన. నర్సు రాసింది. ముద్ర వేసింది. గులాబి కాగితాన్ని రెండుగ చింపి బుట్టలో వేసింది. అప్పుడు తట్టలో నుంచి ధార కారి నేల దాక వచ్చింది. ఆమె దాన్ని చూసి, "అంకె రాసినాక గదా" అని గుడ్డ తెచ్చింది.

బయట వరండాలో గోడకు ఆనుకొని కూసున్నం. స్వరూప సంపత్ మెడకు తడిగుడ్డ పెట్టి తిట్టింది, పెట్టింది, తిట్టింది. సంపత్ ఒక ముద్ద ఆమె నోట్లో పెట్టిండు. ఆమె ఒకటి అతని నోట్లో పెట్టింది. నర్సు తలుపు నుంచి తొంగి చూస్తే ముత్తెమే పోయి ఆమె అరచేతిలో కొంచెం పెట్టి వచ్చింది. తలుపు మూసుకున్నది. తిన్నదో లేదో నేను చూడలేదు.

డబ్బా నా దాక వచ్చేసరికి ఖాళీ. నా ఇంట్లో బువ్వ ముందు నాకు పెట్టినంకనే ఇంకెవరికైనా. అరవై ఎనిమిదేండ్లలో నా వంతు లేకుండా పోయింది ఇదే మొదటిసారి. అడుగున అంటుకున్న పెచ్చు గోరుతో గీక్కొని తిన్న.

ఉప్పు ఎక్కువైంది. సంపత్‌కు రేపు చెప్త.